నవ్వుల బావి మీది కంప్యూటర్

శంషాబాద్ నుంచి కొత్తూరు పోయే దారిలో, పెట్రోల్ బంకు దాటాక ఎడమ చేతికి ఒక సందు ఉంది. సందు చివర ఒంటరిగా ఒక గది. ఆ గదికి మంచి పేరు ఏనాడూ లేదు. ఎందుకంటే... దాన్ని కట్టింది పూడ్చిన బావి మీద.

నవ్వుల బావి అనేవాళ్లు దాన్ని. చంద్రమ్మ అనే కొత్త కోడలు నీళ్లు చేదుతూ, పక్కామె ఏదో అంటే పగలబడి నవ్వి, ఆ నవ్వుతోనే కాలు జారి లోపల పడిందట. మనిషి పోయింది గానీ నవ్వు పోలేదట. ఆ తర్వాత చాలా ఏళ్లు చీకటి పడితే ఆ వైపు ఎవరూ బిందె పట్టుకుని పోలేదు. చివరికి బావిని పూడ్చారు, మీద గది కట్టారు. కిరాయికి ఒక్కడూ రాలేదు.

ఆ గదిలో, ఊరంతా వద్దంటున్నా, ఆ గది సొంతదారుల ఇంటి కోడలు స్వర్ణలత టైపింగ్, జిరాక్స్ దుకాణం పెట్టింది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, గోడకు పెళ్లికార్డుల నమూనాలు. రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది.

ఆ తర్వాత మొదలైంది.

రాత్రి ఎనిమిది దాటితే చాలు. స్వర్ణలత పెళ్లికార్డు టైపు చేస్తూ ఉంటుంది, పెళ్లికొడుకు పేరు అయిపోయి పెళ్లికూతురి పేరు దగ్గరికి వస్తుంది... టప్పున స్క్రీన్ నల్లబడిపోతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. బల్బు వెలుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ ఒక్కటే చస్తుంది. ఆమె చెయ్యి కూడా వేయకముందే — దానంతటదే మళ్లీ లేస్తుంది!

చచ్చింది లేవడమంటే ఊళ్లో ఇంకేం కావాలి?

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే యాదగిరికి కబురు వెళ్లింది. యాదగిరి పనిమంతుడు. ఏ యంత్రానికైనా భయపడడు, దెయ్యాలకు మాత్రం భయపడతాడు. మొలకు తాయెత్తు, జేబులో విభూతి పొట్లం, చేతిలో స్క్రూడ్రైవర్... అదీ అతని వేషం. అతను ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. లోపలి పవర్ డబ్బా మార్చాడు. వైరస్ వెతికాడు. విండోస్ మొత్తం చెరిపేసి రెండుసార్లు కొత్తగా ఎక్కించాడు. ఊహూఁ.

ఆఖరికి సీపీయూని బండి మీద పెట్టుకుని తన దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ మూడు పగళ్లు, మూడు రాత్రులు ఒక్క క్షణం ఆగకుండా ముత్యంలా నడిచింది. తెచ్చి మళ్లీ ఈ గదిలో పెట్టాడు.

ఆ రాత్రే చచ్చింది... లేచింది.

యాదగిరి జేబులోని విభూతి పొట్లం తడుముకున్నాడు. అంటే తేడా పెట్టెలో లేదు. జాగాలో ఉంది.

స్వర్ణలత అత్త ఈరమ్మ కూడా అదే తేల్చేసింది. "చంద్రమ్మకు ఈ దుకాణం నచ్చలే. అందుకే మిషన్ పీక పిసుకుతున్నది. ఈ రాత్రి చూస్త. మిషన్ మళ్ల ఆగిందా, రేపటి సంది గదికి తాళమే."

స్వర్ణలత యాదగిరిని బతిమాలింది. "యాదన్నా, ఈ ఒక్క రాత్రి కూసో. ఈ గదిల కూసున్నంక గద నన్ను ఊళ్లె పేరు పెట్టి పిలుస్తున్నరు. అంతకుముందు నేను ఈరమ్మ కోడలినే గాని, స్వర్ణలతను గాను."

ఆ మాటకు యాదగిరి కరిగిపోయాడు. కరగకుండా ఉంటే బాగుండేదని రాత్రి ఎనిమిదింటికి అనుకున్నాడు.

తలుపు ఓరగా వేసి ఉంది. ఇద్దరూ స్క్రీన్ ముందు స్టూళ్ల మీద కూర్చున్నారు. యాదగిరి కళ్లు కంప్యూటర్ మీద కన్నా కాళ్ల కింది బండ మీదే ఎక్కువ ఉన్నాయి. దాని కిందే కదా బావి... తోడుగా ఉంటుందని, తనకు ఈ పని నేర్పిన దశరథం సారుకు జగిత్యాలకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"సార్, లైన్‌ల ఉన్నరా?" అన్నాడు గుసగుసగా.

"ఉన్న. గట్ల గుసగుసలెందుకురా?"

"మీకు తెల్వది సార్... ఈడ గట్టిగ మాట్లాడొద్దు."

ఎనిమిదీ పది. ఏమీ లేదు. ఎనిమిదీ ఇరవై. స్వర్ణలత టైపు చేస్తూనే ఉంది. ఎనిమిదిన్నర దాటింది... కిటికీ రెక్క సన్నగా వణికింది. స్వర్ణలత వేళ్లు ఆగాయి.

టప్!

స్క్రీన్ నల్లబడింది. యాదగిరి స్టూలు మీద నుంచి లేవలేదు — స్టూలుతో సహా లేచాడు. "సార్! పోయింది సార్! ఆమె వచ్చింది!"

ఫోన్‌లోంచి సమాధానం లేదు. అర నిమిషం... ఆ చీకటి స్క్రీన్ మీద మెల్లగా అక్షరాలు మొలిచాయి. కంప్యూటర్ దానంతటదే లేస్తోంది.

అప్పుడు పలికాడు దశరథం సారు. "ఇప్పుడు చెప్పురా, ఏమన్నవ్? ఆ మోతకు ఒక్క ముక్క వినబడలే."

"ఏ మోత సార్?"

"ఏ మోత ఏందిరా! నా చెవులు పగిలిపోయినయ్ ఈడ. నెత్తి మీదికెళ్లి ఏదో పోయినట్టు..."

యాదగిరి, స్వర్ణలత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు ఏ మోతా వినబడలేదు. సారుకు మాత్రం వినబడింది. యాదగిరి విభూతి పొట్లం మొత్తం నెత్తిన గుమ్మరించుకున్నాడు.

"ఒరేయ్, మీకాడ విమానాలు దిగుతయా?" అని అడిగాడు సారు.

దిగుతాయా! ఎయిర్‌పోర్టు వచ్చి నాలుగేళ్లు. మొదట్లో ప్రతి విమానానికీ పిల్లా జెల్లా బయటికొచ్చి చూసేవాళ్లు. తర్వాత చూడటం మానేశారు. ఆ తర్వాత, ఎప్పుడో తెలియదు, వినడం కూడా మానేశారు.

"ఇగ ఇంకో విమానం వచ్చినప్పుడు స్క్రీన్ చూడకున్రి," అన్నాడు సారు. "గోడ చూడున్రి."

ఇద్దరూ గోడకేసి తిరిగి కూర్చున్నారు. కావాలని చెవులు రిక్కిస్తే, చాలా రోజుల తర్వాత స్వర్ణలతకు విమానం వినబడింది. దూరంగా... దగ్గరగా... పగటి చిన్న విమానం కాదు, దేశాలు దాటొచ్చే పెద్ద విమానం. కిటికీ గడగడలాడింది. బల్ల వెనుక స్విచ్ బోర్డులో సీపీయూ ప్లగ్గు ఒక్కసారి ఊగింది... చిటుక్కున నీలం మెరుపు.

టప్!

యాదగిరి ఎగిరి వెళ్లి స్విచ్ ఆపి ప్లగ్గు పీకాడు. దాంతో పాటు రెండు అగ్గిపుల్లలు కింద పడ్డాయి. వదులైన సాకెట్లో ప్లగ్గు కదలకుండా ఎవరో దూర్చిన పుల్లలు, సగం మాడిపోయి.

"గిదా దయ్యం! ఎవడక్కా గీ పనికిమాలిన పని జేసింది?" అని గర్జించాడు.

స్వర్ణలత అతనికేసే చూస్తూ కూర్చుంది.

మెల్లగా గుర్తొచ్చింది యాదగిరికి. రెండు నెలల కింద యూపీఎస్ బ్యాటరీ పోయింది. రెండు రోజుల్లో కొత్తది తెస్తానని, తీగ నేరుగా గోడకు పెట్టి, అగ్గిపుల్లలు దూర్చింది... తనే. కరెంటు పోయి వస్తే బటన్ నొక్కకుండానే లేవాలని లోపల అమర్చిందీ తనే. పెట్టెను పదిసార్లు విప్పాడు గానీ గోడను ఒక్కసారీ చూడలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు కిర్రుమంది. ఒక చేతిలో వేపమండ, ఇంకో చేతిలో పెద్ద తాళం, ఈరమ్మ.

"దొరికిందానే దయ్యం?"

"దొరికింది అత్తమ్మా," అంది స్వర్ణలత, నెత్తినిండా విభూతితో నిలబడ్డ యాదగిరిని చూపిస్తూ. "ఇగో, నిలవడ్డది సూడు."

సంగతంతా విని ఈరమ్మ మొదట నోరు నొక్కుకుంది. తర్వాత ఆగలేదు. వేపమండతో యాదగిరి వీపు మీద నాలుగు తగిలించి మరీ నవ్వింది. స్వర్ణలత బల్ల మీద తల పెట్టి కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది. యాదగిరి సిగ్గుతో, నవ్వుతో సంచీలోంచి కొత్త సాకెట్ తీసి బిగించాడు. ఇంకో విమానం పోయింది. కిటికీ వణికింది. కంప్యూటర్ రెప్ప కూడా వేయలేదు.

ముగ్గురూ మళ్లీ నవ్వారు.

"మంచిగున్నదిరా మీ సంబురం," అన్నాడు బల్ల మీది ఫోన్లోంచి దశరథం సారు. "గానీ యాదగిరీ... ఆడోళ్లు ముగ్గురున్నరా ఆడ?"

"ఇద్దరే సార్. అక్క, ఈరమ్మ పెద్దమ్మ."

"లేదురా. వాళ్లిద్దరూ నవ్వుడు ఆపిన్రు. ఆమె ఒక్కతే... ఇంకా నవ్వుతున్నది."

ముగ్గురూ చెవులు రిక్కించారు. కిటికీ కదలడం లేదు. ఆకాశంలో ఏ విమానమూ లేదు. కంప్యూటర్ నిమ్మళంగా నడుస్తోంది.

ఈరమ్మ బండ వైపు చాలాసేపు చూసింది. తర్వాత తాళం బల్ల మీద పెట్టి, తాళంచెవి కోడలి చేతికిచ్చింది. "నవ్వుతున్నదంటే కోపం లేనట్టే. నీ దుకాణం నువ్వు నడుపుకో స్వర్ణలతా."

స్వర్ణలత తాళంచెవిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. అత్త నోట తన పేరు వినడం అదే మొదటిసారి. "మరి... మనకు వినబడ్తలేదేంది అత్తమ్మా?"

"ఎన్నేండ్ల సంది వింటున్నమే? అలవాటైపోయింది."

ఆ మాట వినడానికి యాదగిరి అక్కడ లేడు. సంచీ లేదు, ఫోన్ లేదు, ఒక చెప్పు కూడా లేదు, అయినా పోయాడు. సందు మొదట్లో అతని బండి స్టార్టయిన చప్పుడు మాత్రం ఆ గదిలో ఉన్న ముగ్గురు ఆడవాళ్లకూ స్పష్టంగా వినబడింది.