ఎందుకని అడగకూడదు

గుంటూరు మిర్చి యార్డులో బెన్నీని తెలియని రైతు ఉండడు. కొనేవాళ్ల తరఫున కాయ నాణ్యం చూడడం అతని పని. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పగానే పైన నిగనిగలాడే కాయను అతను చూడనే చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు లాగుతాడు. పైన మేలురకం పోసి అడుగున రంగు వెలిసిన తాలుకాయ కూరినవాళ్లకి అతన్ని చూస్తే గుండెలో రాయి పడుతుంది.

ఉద్యోగానికి అది మంచి గుణమే. చిక్కల్లా, సాయంత్రం చేతులు కడుక్కున్నా ఆ గుణం పోయేది కాదు. మనుషుల్లో కూడా అడుగున ఎంతో కొంత తాలు ఉంటుందని అతని గట్టి నమ్మకం. అటువంటివాడికి మహిమ ఎదురుపడింది. అదీ మానసిక వైద్యం చేసే వార్డులో.

బెన్నీ తండ్రి సంజీవరావు మాస్టారు పొదిలిలో మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య సంతోషకుమారి పోయాక నల్లపాడులో కొడుకు దగ్గరికి వచ్చేశారు. వచ్చారన్న మాటే గానీ ముందు మాట మానేశారు, తరవాత తిండి మానేశారు. డాక్టరు డిప్రెషన్ అన్నాడు, కొన్నాళ్లు వార్డులో ఉంచమన్నాడు. ఆ వార్డులో పోస్టింగ్ పడిన నర్సింగ్ విద్యార్థినుల్లో మహిమ ఒకతె. మాస్టారిని ఆమెకి అప్పగించారు.

మొదటి రోజే ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, తన పేరు చెప్పి, రోజూ పొద్దున వచ్చి కూర్చుంటానని, నెలాఖరుకి పోస్టింగ్ అయిపోతుంది గనక ఆ తరవాత రానని చెప్పింది. మాస్టారు పలకలేదు. బెన్నీకి మాత్రం ఒళ్లు మండింది. పరిచయం చేసుకుంటూనే వెళ్లిపోతానని చెప్పేవాళ్లని అతను ఎక్కడా చూడలేదు. వరండాలో ఆపి అడిగాడు.

"అది మా థియరీ అండి," అంది మహిమ. "నర్సుకీ పేషెంటుకీ కుదిరే స్నేహమే సగం మందు. పరిచయం, పని, వీడ్కోలు అని దానికి దశలుంటాయి. వీడ్కోలు సంగతి ముందే చెప్పకపోతే చివర్లో పేషెంటు మోసపోయాననుకుంటాడు."

"స్నేహానికి థియరీ ఏంటండి?"

"మిరపకాయకి గ్రేడు ఉండగా లేనిది, స్నేహానికి థియరీ ఉంటే తప్పా?"

తన పని ఈమెకెలా తెలిసింది? ఎవరు చెప్పారు? ఎందుకు కనుక్కుంది? బెన్నీ కనుబొమలు ముడిపడ్డాయి. అది చూసి ఆమె నవ్వి, మీరు లోపలికి రాగానే నాలుగు మంచాలవాళ్లు తుమ్మారండి, ఎవరూ చెప్పక్కర్లేదు అని వెళ్లిపోయింది.

ఆ తరవాత ఆమె రోజూ వచ్చి మాస్టారి పక్కన ఊరికే కూర్చునేది. మాట్లాడకుండా కూర్చోవడం కూడా వైద్యమేనట. కష్టం లేని పని బాగానే దొరికిందని బెన్నీ మనసులో వెటకారం చేశాడు. కానీ ఒక పొద్దున మాస్టారు ఉన్నట్టుండి నోరు విప్పారు. ఆసుపత్రి పప్పులో ఉప్పు లేదన్నారు. ఇంట్లో ఎలా ఉండేది మాస్టారూ అని మహిమ మెల్లగా అడిగింది. ఆయన సంతోషకుమారి చేసే గోంగూర పప్పు గురించి చెప్పడం మొదలుపెట్టి, ఏడ్చి, ఆ పూట అన్నం తిన్నారు.

గుమ్మంలో నిలబడిన బెన్నీ కళ్లు తుడుచుకున్నాడు. యార్డు నుంచి వచ్చిన చేతులాయె. కళ్లు భగ్గుమన్నాయి. మహిమే చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. నీళ్లు చల్లుకుంటుంటే, అమ్మ పోయిన రోజు తను ఏడవలేదన్న సంగతి అతని నోటినుంచి దానంతటదే వచ్చేసింది.

"అప్పుడు మీకేమనిపించింది?" అంది ఆమె, అతని కళ్లలోకి చూస్తూ.

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండలేదు. ఆ రోజు నుంచి అతనికి వార్డులో పనులు ఎక్కువైపోయాయి. తెచ్చిన పళ్లే మళ్లీ తెచ్చేవాడు, ఉన్న ఫ్లాస్కు ఉండగా ఇంకోటి కొన్నాడు. మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒకరోజు అతను పెందలాడే వచ్చాడు. వరసగా మంచాలు, మంచానికొక విద్యార్థిని. అందరూ ఒకేలా కాస్త ముందుకి వంగి, పాదాలు రెండూ నేలకి ఆనించి, కళ్లలోకి చూస్తూ తల ఊపుతున్నారు. ఒకమ్మాయి అంది, "అప్పుడు మీకేమనిపించింది?" రెండో మంచం దగ్గర ఇంకో అమ్మాయీ అదే అంది.

వాళ్ల మేడమ్ క్రిస్టీనా ఒకమ్మాయిని పక్కకి పిలిచి చీవాట్లు పెడుతోంది. "పేషెంటుని ఎందుకు అని అడగొద్దన్నానా? ఎందుకు అని అడిగితే బోనులో నిలబెట్టినట్టుంటుంది. సలహా ఇవ్వొద్దు. నీ సొంత గోడు చెప్పొద్దు. విను, అంతే."

బెన్నీకి టిక్కీ అడుగు కనిపించినట్టయింది. ఆ చూపు, ఆ వంగడం, ఆ ప్రశ్న అన్నీ క్లాసులో నేర్పినవే. వెనక్కి తిరిగి ఆలోచిస్తే ఆమె తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఎందుకని ఒక్కసారి అడగలేదు. తను కూడా ఇంకో మంచమే అన్నమాట. అతనికి నిజంగా నొప్పి పుట్టింది.

నెలాఖరు వచ్చింది. మాస్టారిని ఇంటికి పంపే రోజూ, మహిమ పోస్టింగ్ ముగిసే రోజూ ఒకటే అయ్యాయి. ఆమె మాస్టారి దగ్గర వీడ్కోలు తీసుకుని వరండాలోకి వచ్చింది. ఏదో చెప్పాలని వచ్చినట్టే ఉంది.

"నామీద చేసిన ప్రాక్టీసుకి ఎన్ని మార్కులు వేశారండి మీకు?" అన్నాడు బెన్నీ.

ఆమె ముఖం పాలిపోయింది. "మీకు కోపంగా ఉన్నట్టుంది," అంది.

"ఇదీ పాఠమేగా?"

మహిమ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. గెలిచానని అతను అనుకోవాలి మరి. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏమైందిరా అని మాస్టారు అడిగితే అంతా కక్కేశాడు. మాస్టారు చాలాసేపు విన్నారు, ఆయనకీ ఆ విద్య కాస్త అబ్బినట్టుంది.

"ఒరేయ్, ఆ పిల్ల నేర్చుకునే అడిగింది, కాదన్ను. నువ్వు కాయ చూడడం నేర్చుకోకుండానే చూస్తున్నావా? నేర్చుకున్నంత మాత్రాన అబద్ధమైపోతుందా? నన్ను బతికించింది ఆ పాఠమేరా."

క్షమించమని అడుగుదామంటే బెన్నీ దగ్గర మహిమ నంబరు లేదు. ఉన్నా, విరిచేసిన మాట ఏ ముఖం పెట్టుకుని అతికిస్తాడు? చేజేతులా పోగొట్టుకున్నానని తెలిసిపోయింది. యార్డులో కాయ చూస్తున్నా చెయ్యి అడుగుదాకా పోవడం లేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం యార్డు మీద అకాల వర్షం విరుచుకుపడింది. బయట పేర్చిన టిక్కీల మీద పట్టాలు కప్పడానికి అందరూ పరుగు. బెన్నీ ఒక పట్టా కొస పట్టుకుని లాగుతుంటే రెండో కొస దానంతటదే లేచింది. చూస్తే అవతల మహిమ, తడిసి ముద్దయి, తుమ్ముతూ. ఇద్దరూ పట్టా కప్పి షెడ్డులోకి పరిగెత్తారు.

"నాతో అలా ఎందుకు మాట్లాడారు?" అంది ఆమె, ఊపిరి తీసుకోకుండానే.

బెన్నీ తెల్లబోయాడు. "ఎందుకని అడగకూడదు కదండి."

"పేషెంట్లని అడగకూడదు. మీరు పేషెంటా?"

ఆమె ఆగలేదు. మీ నాన్నగారు నా పేషెంటుగా ఉన్నన్నాళ్లూ నేను గీత దాటకూడదు, దాటలేదు, ఆఖరి రోజు చెబుదామనే వచ్చాను, మీరు చెప్పనివ్వలేదు, అందుకే యార్డుకి వెతుక్కుంటూ వచ్చాను అంది. తనకి ఇంట్లో చెల్లెళ్లున్నారని, తన మాట వినే తీరిక ఎవరికీ లేదని, అతను పళ్లు పట్టుకుని వచ్చే వేళకి ముందే తలుపు వైపు చూసేదాన్నని అంది. మధ్యమధ్య తుమ్మింది. ఆ అనుమానపు బుద్ధి యార్డు గేటు దగ్గరే వదిలి ఇంటికెళ్లమని సలహా కూడా ఇచ్చింది. క్రిస్టీనా మేడమ్ వద్దన్నవన్నీ వరసపెట్టి చేసేసింది.

ఆమె కళ్లలో నీళ్లు. ఘాటుకేమో అని పాత బెన్నీ ఒక్క క్షణం తలెత్తాడు. కొత్త బెన్నీ వాణ్ణి కూర్చోబెట్టాడు. కాస్త ముందుకి వంగి, పాదాలు రెండూ నేలకి ఆనించి, ఆమె కళ్లలోకి చూశాడు.

"నేను మార్కుల మాట అన్నప్పుడు మీకేమనిపించింది?"

ఇప్పుడు అనుమానం ఆమె వంతయింది. "నిజంగా అడుగుతున్నారా, పాఠం అప్పజెబుతున్నారా?"

"మీ దగ్గర నేర్చుకునే అడుగుతున్నాను," అన్నాడు బెన్నీ. "అయినా తెలుసుకోవాలనుంది."

మహిమ తడిసిన చున్నీతో ముఖం తుడుచుకుని, టిక్కీ మీద కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది. వాన వెలిసింది. పట్టాలు తియ్యమని కేకలు వినిపించాయి. బెన్నీ కదలకుండా వింటూనే ఉన్నాడు.