వెనక సీటులో పసిపాదాలు

2016 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, విజయనగరం కోట వెనక వీధిలోని పద్మకుమారి ఆఫీసుకు భార్యాభర్తలిద్దరు వచ్చారు. పద్మకుమారి పదిహేనేళ్లు ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలను పరీక్షించే ఉద్యోగం చేసి, ఆపైన ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడింది. అసిస్టెంటు ప్రమోద్ వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు.

గంగులుది కళింగపట్నం దగ్గర పల్లె, చేపల వ్యాపారం. అతని భార్య దానమ్మకు ఏడో నెల.

"పాత కారొకటి కొందామనుకుంటన్నాం మేడమ్. కొనాలో వద్దో మీరే సెప్పాల," అన్నాడు గంగులు.

"దానికి మెకానిక్ చాలు కదా?"

"సూపించాను. ఇంజను బాగున్నాదన్నాడు. కానీ..."

"ఆ కారు ఏడుస్తన్నాదమ్మా," అంది దానమ్మ.

ప్రమోద్‌కు నవ్వొచ్చింది. కానీ ఆమె ముఖం చూశాక ఆ నవ్వు పెదాల దాకా రాలేదు.

పోయిన ఏడు దానమ్మకు నొప్పులు మొదలైనప్పుడు సమయానికి బండి దొరకలేదు. శ్రీకాకుళం చేరేసరికి కడుపులో బిడ్డ పోయింది. ఈసారి అలా కాకూడదని గంగులు కారు వెతకడం మొదలుపెట్టాడు. చీపురుపల్లిలో పాత కార్లు అమ్మే సింహాచలం ఒక తెల్లకారు చూపించాడు. మొన్న నడిపి చూస్తే, వేగం అరవై దాటగానే వెనక నుంచి సన్నగా ఆడమనిషి ఏడుపు వినిపించింది. మలుపు దగ్గర వెనక ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుంది. నిన్న మళ్లీ చూడబోతే, వెనక సీటు నిండా ఎర్రటి పసిపాదాలు.

"నా బిడ్డే వచ్చినాదేమోనని..." అంటూ దానమ్మ కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"రేపు ఇంకో పార్టీ వస్తన్నాదట. సాయంత్రంలోగా సెప్పమన్నాడు," అన్నాడు గంగులు.

పద్మకుమారి లేచి గొడుగు అందుకుంది. "పదండి."

షెడ్డు ఊరి చివర ఉంది. పొందూరు ఖద్దరు చొక్కా తొడుక్కున్న సింహాచలం ఎదురొచ్చాడు. "ముసురుకి తలుపు రబ్బరు ఉబ్బినాదండీ, అంతే. ఆ అడుగులు ఎవరో ఆకతాయిల పని," అన్నాడు. అతని దగ్గర కార్ల బాడీ పనులు చేసే జగన్నాధం ఒక మూల నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఎడమ చేతికి వేళ్ల చివరల దాకా కట్టు. అతని చూపు మాటిమాటికీ దానమ్మ మీదికి పోయి, నేలకు దిగుతోంది.

"చేతికేమైంది?" అడిగింది పద్మకుమారి.

"వెల్డింగు సేస్తంటే కాలినాదమ్మా. పది దినాలైనాది."

కారు వెనక సీటు మీద ఎనిమిది పాదాలున్నాయి, ఒక్కోటి అరచేతిలో పట్టేంత. పద్మకుమారి తడిగుడ్డతో తుడిచింది, పోలేదు. పెట్రోలు అద్దితే పోయింది. గుడ్డకంటిన ఎరుపును వేలితో రుద్ది చూసింది.

"ప్రమోద్, ఇవి సరిగ్గా చూడు."

అతను వంగి చూసి వెనక్కి జరిగాడు. "మేడమ్... అన్నీ ఒక్క కాలివే!"

ఆమె ముందు అద్దం మూలన, వెనక అద్దం మూలన ఉన్న చిన్న అంకెలు చదివి, ప్రమోద్‌ను స్టీరింగు దగ్గర కూర్చోమంది. తను వెనక సీటులో ఆ పాదాల పక్కనే కూర్చుంది.

రాజాం రోడ్డు మీద మబ్బు కమ్ముకుని ఉంది. వేగం అరవై దాటింది. ప్రమోద్ వీపు వెనక ఎవరో సన్నగా మూలిగారు. మూలుగు పెరిగి ఏడుపైంది. ఉన్నట్టుండి, నోరు నొక్కేసినట్టు, ఏడుపు ఆగిపోయింది.

"మేడమ్!"

"బాగానే ఉన్నాను. వేగం తగ్గించకు."

అద్దంలో ఆమె కనిపించలేదు. సీటు కిందికి వంగి ఉంది. ఏడుపు మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది.

షెడ్డుకు తిరిగి రాగానే పద్మకుమారి సింహాచలాన్ని అడిగింది. "రాత్రిళ్లు కారు తాళాలెక్కడుంటాయి?"

"మా ఇంట్లోనండి. నాలుగు తలుపులకీ తాళం నేనే ఏస్తాను."

ఆమె అందరినీ కారు చుట్టూ నిలబెట్టింది.

"ఇది ఒక కారు కాదు, రెండు," అంది. "ముందు అద్దం 2009లో తయారైంది, వెనకది 2012లో. అద్దం మార్చారనుకోవచ్చు. కానీ వెనక సీటు కింద కార్పెట్ లేపితే, నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెల్డింగు గీత ఉంది. ముందు భాగం నాశనమైన కారునీ, వెనక భాగం నాశనమైన కారునీ కోసి అతికించారు. ఆ అతుకులో గోరంత సందు ఉంది. గాలి అందులోంచి దూరి ఏడుస్తుంది. నేను గుడ్డ కుక్కితే ఆగిపోయింది. మలుపు తిరిగితే బాడీ మెలి తిరిగి తలుపు తెరుచుకుంటుంది."

ఆమె వెనక ఎడమ తలుపుకు తాళం వేసి, దాన్ని కొంచెం పైకెత్తి లాగింది. తెరుచుకుంది.

"తాళం లేకుండా ఇలా తెరవొచ్చని, ఈ తలుపు బిగించినవాడికే తెలుస్తుంది. పాదాలు వేసింది తుప్పు పట్టకుండా ఇనుముకు పూసే ఎర్ర రంగుతో. కృష్ణాష్టమికి ఇళ్లలో పిడికిలి పక్కభాగాన్ని పిండిలో ముంచి అద్ది చిన్నిపాదాలు వేస్తారు. ఒక పిడికిలితో ఒక కాలు, రెండో పిడికిలితో రెండో కాలు. ఇక్కడ ఒక్క కాలే ఉంది. వేసినవాడికి ఒక్క చెయ్యే పనిచేస్తోంది."

అందరూ జగన్నాధం కట్టు వైపు చూశారు.

"ఒరే, తిండి పెట్టినోడికే..." సింహాచలం మీదికి దూకబోయాడు. గంగులు అతన్ని రెక్క పట్టుకుని ఆపాడు.

"సింహాచలంగారూ, ఇంకా తలుపు రబ్బరే ఉబ్బిందంటారా?" అడిగింది పద్మకుమారి. "అయితే మీ వాళ్లందరినీ ఎక్కించుకుని విజయనగరం దాకా వంద మీద పోనివ్వండి. మేం వెనకే వస్తాం."

సింహాచలం కదల్లేదు. చొక్కా చెమటకు వీపుకంటుకుంది.

జగన్నాధం దానమ్మ ముందు కూలబడ్డాడు. "బయపెట్టినాను తల్లీ, తప్పే. పోయిన వేసంగిలో నేనతికిన కారు హైవే మీద రెండు ముక్కలైపోనాది. అందులో నాలుగేళ్ల పిల్ల... నువ్వు కడుపుతో వచ్చి వెనక సీట్లో కూకుని సూసినావు. నోరిప్పితే ఈయన నన్ను జైల్లో పెట్టిస్తానన్నాడు. ఇంకేటి సేయాలో తెలీలేదు."

దానమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. కోపమో, ఏడుపో ఆమెకే తెలియలేదు. అడిగింది: "ఇలాటివి ఇంకెన్ని అతికినావు తాతా?"

"నాలుగు. తిరుగుతన్నాయి."

షెడ్డు రేకుల మీద చినుకులు జోరందుకున్నాయి.

పద్మకుమారి పోలీసులకు కబురు చేసి, సింహాచలం ముందు చెయ్యి చాపింది. అతను తలెత్తకుండా కొన్నవాళ్ల నంబర్లున్న ఫోను ఇచ్చాడు. జగన్నాధం ఒక్కో బండి గుర్తు చెబుతుంటే, ప్రమోద్ మొదటి నంబరు నొక్కాడు.

అవతల ఎత్తారు. గాలి హోరు, ఆ హోరులో పిల్లల కేరింతలు.

"డ్రైవింగులో ఉన్నానండీ. ఎవురు?"

"బాబూ," అన్నాడు ప్రమోద్, "ముందు బండి నెమ్మదిగా పక్కకు తీసి ఆపండి. పిల్లల్ని దించండి. ఆ తర్వాత చెబుతాను."