డాక్టర్ ఉదయశ్రీ చేతులు కట్టుకున్న రోజు

"ఏవండీ డాక్టరుగారూ, ఆ అమ్మాయిని ఏడిపించింది మీరేనా?"

ఏలూరు ఆసుపత్రి వరండాలో తనని ఆపిన మనిషిని ఉదయశ్రీ ఎగాదిగా చూసింది. పిల్లల డాక్టర్ ఈశ్వరప్రసాద్. కొత్తగా చేరాడు.

"మా జూనియర్ డాక్టర్ అఖిలా? పొరపాటు చేసింది. తిట్టాను."

"తిట్టారు సరే. నేర్పారా?"

ఒళ్లు మండింది ఆమెకి. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఊరంతా పేరున్న కాన్పుల డాక్టరు. ఆ పేరు మీద కూడా ఈమధ్య విసుగొచ్చి, ఉద్యోగం మానేద్దామనుకుంటోందని అతనికేం తెలుసు?

కానీ ఆ మాట ఆమెని వదల్లేదు. మర్నాడు అఖిలని పిలిచి, పక్కన నిలబెట్టుకుని మొదటినుంచీ చెప్పింది. తలుపు దగ్గర ఈశ్వరప్రసాద్ నవ్వాడు. ఆమె చూడనట్టే చూసింది.

వానాకాలం వచ్చింది. మండవల్లిలో వైద్య క్యాంపుకి ముగ్గురూ వెళ్లారు. కొల్లేరు మీద వాన దంచికొడుతోంది. మధ్యాహ్నం వెంకటనరసమ్మ అనే ఆవిడ నొప్పులు పడుతున్న కోడల్ని ఆటోలో తీసుకొచ్చింది.

అఖిల కాన్పు చేస్తుండగా బిడ్డ తల బయటికొచ్చి, భుజం చిక్కుకుంది. అఖిల మొహం పాలిపోయింది.

"మేడం, మీరు రండి."

ఉదయశ్రీ చేతులు ముందుకెళ్లబోయాయి. బలవంతంగా కట్టుకుంది.

"నేనిక్కడే ఉన్నానమ్మా. ఆవిడ మోకాళ్లు పొట్టవైపు మడిపించు. లాగకు. ఆఁ, ఇప్పుడు మెల్లగా."

బిడ్డ జారి అఖిల చేతుల్లో పడింది. ఈశ్వరప్రసాద్ అందుకుని వీపు రుద్దాడు. గుక్కపట్టి ఏడ్చింది. అఖిల కూడా ఏడ్చింది, నవ్వుతూ.

వరండాలో టీ అందిస్తూ అతనన్నాడు, "బిడ్డని మీరు ముట్టుకోనేలేదు. అయినా వెలుగంతా మీ మొహంలోనే ఉందండీ."

"నా చేత్తో ఎన్ని కాన్పులు చేశానో. ఇంత సంతోషం ఎప్పుడూ లేదు." ఆగింది. "ఆ రోజు మీరు గొడవపెట్టుకోకపోతే ఈపాటికి ఉద్యోగం మానేసేదాన్ని."

"అయితే రోజూ పెట్టుకోమంటారా?"

"పెట్టుకోండి."

"ఇంటికొచ్చి కూడానా?"

వాన హోరు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటికొచ్చాకేనండీ," అంది మెల్లగా.

అతను చూసుకోకుండా టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

ఉదయశ్రీ అప్పుడే అమ్మకి ఫోన్ చేసి, దాచకుండా చెప్పేసింది. సంబంధాలు చూసి చూసి ఎప్పుడో మానేసిన గాయత్రమ్మ వెంటనే వంట సంగతి ఎత్తుకుంది.

"ఆదివారం భోజనానికి తీసుకురా. చేపల పులుసు తింటారేమో అడుగు."

ఫోన్ దగ్గరికి వంగి వింటున్న అతనే అందుకున్నాడు. "తింటానండీ, అత్తయ్యగారూ."