కల్యాణకట్ట దగ్గర పన్నెండు గంటలకు

లండన్ ఎయిర్‌పోర్టులో టెలిఫోన్ బూత్. రామచంద్ర రిసీవర్ ఎత్తగానే ఛీఫ్ గోవిందయ్య గొంతు వినిపించింది.

"పధ్నాలుగు మంది, రామచంద్రా! మద్రాసులో విదేశీ ముఠాలో చేరి మనకు కబుర్లు పంపుతున్న మన ఏజెంట్లు. వాళ్ళ పేర్లు బయటపడ్డాయి. ఆ లిస్టు ఇంకా కడగని ఫిల్ము మీద ఉంది. దాన్ని మోసుకెళ్ళే కొరియర్ నువ్వెక్కే విమానంలోనే ఉన్నాడు."

"ఎవడు సార్?"

"తెలీదు. మన దేశం వాడే. రేపు పగలు పన్నెండింటికి తిరుమల కల్యాణకట్ట దగ్గర ముఠా మనిషికి ఫిల్ము అందిస్తాడు. అందిందంటే వారం తిరక్కుండా పధ్నాలుగు శవాలు లేస్తాయి. మిగతాది పంకజాక్షి చెబుతుంది."

లైను తెగిపోయింది.

విమానంలో రామచంద్రకు మధ్య సీటు దొరికింది. అటుపక్కన ఒక లావుపాటి మనిషి అతని భుజాన్ని దిండు చేసుకుని నిద్రపోయాడు. ఇటుపక్కన పంకజాక్షి. షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, నడుము దాటిన జడ. ముఠా దగ్గరా జీతం, మన దగ్గరా జీతం. ఆమె నిజంగా ఎవరి మనిషో డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఒట్టేసి చెప్పలేరు.

"మొహం నాకూ తెలీదు" అందామె పత్రిక తిప్పుతూ. "కోడ్ మాత్రం తెలుసు. 'మామిడికాయలు చిత్తూరివేనా?' అని అడగాలి. 'కాదు, బంగారుపాళెంవి' అంటాడు. ముఠా మనిషి రాకముందే వాణ్ణి పట్టుకుని అడుగు."

దుబాయ్‌లో ఇంజన్ రిపేరని ఐదు గంటలు కూర్చోబెట్టారు. బొంబాయిలో విమానం మారాలన్నారు. చెవులు దిబ్బడలు పడ్డాయి. మెడ పట్టేసింది. కన్ను మూతపడబోయినప్పుడల్లా ఎవరో ఒకరు టీ కావాలా అని లేపారు. కొరియర్ కోసం రెండువందల మొహాలు చూశాడు. అన్నీ ఒకేలా అలసిపోయి ఉన్నాయి.

మద్రాసులో దిగేసరికి ఉదయం ఆరు. అతని సూట్‌కేసు రాలేదు. కెమెరా పెన్ను, వైర్‌లెస్, రెండు మారువేషాలు అందులోనే ఉన్నాయి. కౌంటర్‌లో గుమాస్తా ఫారం చేతికిచ్చి మూడు కాపీలు నింపమన్నాడు. రామచంద్ర ఆ ఫారాన్ని ఉండచుట్టి విసిరేశాడు. పంకజాక్షి అప్పటికే వెళ్ళిపోయింది. కలిసి కనిపిస్తే ఇద్దరి ప్రాణాలకూ ముప్పే.

టాక్సీ డ్రైవర్ పేరు గురప్ప, తిరుపతి వాడు. నాగలాపురం దాటాక బానెట్‌లోంచి ఆవిరి లేచింది.

"ఇంజన్ ఉడుకుతా ఉండాది సామీ. అరగంట నిలపల్ల."

"నాకు టైము లేదప్పా!"

"ఆ మాట నాకు సెప్తే ఏం లాభం? బండికి తెలీదు గదా."

రామచంద్ర టైరును ఒక్క తన్ను తన్నాడు. కాలే నొప్పి పుట్టింది. గురప్ప జాలిపడి డిక్కీలోంచి ఉతికిన పంచె తీసిచ్చాడు. "ఆ సూటేసుకోని కొండకు పోతే అందురూ నిన్నే సూస్తారు. ఇది కట్టుకో."

తిరుపతిలో టాక్సీ వదిలి, ఆ పంచె కట్టుకుని కొండ మీద బస్సు దిగేసరికి పదకొండూ నలభై ఐదు. కల్యాణకట్ట ముందుకొచ్చి రామచంద్ర నిలువునా నీరైపోయాడు. ఎటు చూసినా గుండ్లే! గుండు మీద చందనం, ఒంటి మీద తడి పంచె. వందలమందిలో ఎవరని పట్టుకోవడం?

తల వంచుకున్నాడు. బూట్లు విప్పేసిన తన పాదాలు కనిపించాయి. ఇరవై గంటలకు పైగా వేలాడదీసి కూర్చోవడంతో అప్పాల్లా పొంగి ఉన్నాయి. చీలమండ చుట్టూ మేజోళ్ళ బిగువు పడిన చోట లోతుగా ఎర్రటి గాడి.

రామచంద్ర మొహాలు వదిలేసి కాళ్ళు చూడటం మొదలుపెట్టాడు. కాయలు కాచినవి, పగిలినవి, మట్టికొట్టుకున్నవి. పదకొండూ యాభై ఆరుకి కుళాయి దగ్గర దొరికాయి. తెల్లగా, మెత్తగా, వాచిన రెండు పాదాలు. వాటి పైన అదే గాడి.

"మామిడికాయలు చిత్తూరివేనా?"

ఆ గుండు మనిషి మొహం పాలిపోయింది. వాడు ఒక్క క్షణం రామచంద్ర ఎర్రటి కళ్ళలోకి చూసి గిర్రున తిరిగి జనంలో దూరాడు.

కోడ్ తప్పు! పంకజాక్షి మోసం చేసింది! రామచంద్ర పళ్ళు కొరుకుతూ వెంటపడ్డాడు. వాడు కొబ్బరికాయల అంగడి పక్కన కూర్చున్న పసుపు చీర ఆడమనిషి ఒళ్ళో ఏదో పడేసి పరుగెత్తాడు. ఆమెదీ గుండే. చందనం ఇంకా ఆరలేదు.

ఆమె తలెత్తింది. పంకజాక్షి!

"ఇలా ఇవ్వు!" అని రామచంద్ర అరిచేలోగా వెనక నుంచి ఒక బలమైన చెయ్యి ఆమె వైపు దూసుకొచ్చింది. పన్నెండు కొట్టింది. ముఠా మనిషి.

పంకజాక్షి రీలు మూత పీకి ఫిల్మంతా సర్రున బయటికి లాగింది. నడినెత్తి ఎండలో ఆ నల్లటి రిబ్బను ముఠా మనిషి చేతుల్లో పడింది. ఇక దాన్ని కడిగినా ఒక్క అక్షరం రాదు. వాడు తేరుకునేలోగా ఛీఫ్ పంపిన మఫ్టీ పోలీసులు చేతులు విరిచిపట్టారు. కొరియర్ మెట్ల దగ్గర దొరికిపోయాడు.

"తప్పు కోడ్ ఎందుకిచ్చావు?" అన్నాడు రామచంద్ర రొప్పుతూ.

"ఎవరైనా తప్పు కోడ్ చెబితే సరుకు పసుపు చీరలో ఉన్న నాకు చేర్చాలని వాడికి ముఠా ఆర్డర్. నేనే వెతుకుదామంటే ముఠా కళ్ళు నా మీదే ఉన్నాయి."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే నటించేవాడివి. వాడు పసిగట్టేవాడు. నీ మొహంలో ఇందాకటి చిరాకు ఎవరూ నటించలేరు."

అతనికి తిట్టాలనిపించింది. బోడితల మీద చందనం చెమటకు కారి ఆమె కళ్ళలో పడుతోంది. తిట్టలేకపోయాడు.

"జడ..."

"పెరుగుతుందిలే" అంది పంకజాక్షి, కొంగుతో తల కప్పుకుని.

ఛీఫ్ ఫోన్‌లో రెండు రోజులు సెలవిచ్చాడు. పాకాలలో అక్క మునెమ్మ ఉంది. ఆరేళ్ళుగా చూడలేదు. తిరుపతిలో మూడున్నర బస్సెక్కి రామచంద్ర కిటికీకి తల ఆనించాడు.

ఎవరో భుజం కుదిపారు. కండక్టర్.

"లెయ్ సామీ, చిత్తూరొచ్చింది."

"పాకాల?"

"అదెప్పుడో పోయె. మూడుసార్లు లేపినా గదా!"

"మళ్ళా పాకాలకు బస్సు ఎప్పుడప్పా?"

"ఇదే, గంటకు ఎనిక్కి పోతాది" అన్నాడు కండక్టర్. "ఈసారి నిలబడుకోని రా సామీ."