ఇసకలో పోసిన కల్లు

గంజాం ఒరిస్సాలో కలిసిన మరుసటి ఏడు. గోపాలపూర్ పల్లెలో కాసమ్మ చేపలకు ఉప్పు రాస్తోంది. ఆమె భర్త నరసన్న గుమ్మంలో కూర్చుని వల తాడు ముడి వేస్తున్నాడు. పల్లెలో బాప్తిస్మం పొందిన మొదటి కుటుంబం వాళ్లది. నరసన్న కల్లు మానడం చూసి తనూ మానేసి, తమ్ముడు లక్ష్ముడు కూడా బాప్తిస్మం తీసుకున్నాడు.

లక్ష్ముడి భార్య జగ్గమ్మ వచ్చి నిలబడింది. చెంప వాచి ఉంది.

"రాత్రి తాగొచ్చినాడు బావా. కొట్టినాడు. ఏటని అడిగితే, అన్నే తాగినాడు, నానెంత అన్నాడు."

కాసమ్మ చేతులు ఆగాయి. "ఏటయ్యా? నువ్వు తాగినావా?"

నరసన్న తల ఎత్తలేదు. వేట మొదలయ్యే రోజున సముద్రపు తల్లి గంగమ్మకు పెట్టిన కల్లు ఒడ్డునే పడవ వాళ్లందరికీ తిరుగుతుంది. నిన్న పడవ యజమాని కాశయ్య నరసన్నకూ గిన్నె ఇచ్చాడు. అదే పడవలో పనిచేసే లక్ష్ముడు పక్కనే ఉన్నాడు.

"తాగనేదు. మూతికి ఆనించి, అవతలికి తిరిగి ఇసకలో పోసేసినాను."

"వద్దని సెప్పలేకపోయినావా?"

"నలుగురూ సూస్తన్నారు. పడవలోంచి దింపేస్తారేమో అనుకున్నాను. తాగనేదని దేవుడికి తెలుసు గదే."

"దేవుడికి తెలుసు. నీ తమ్ముడికి తెలీదు గదా!"

జగ్గమ్మ ఏడ్చింది. నరసన్న తాడు కింద పెట్టి లేచాడు.

ఒడ్డున మనుషులు వలలు ఆరేస్తున్నారు. లక్ష్ముడు పడవ నీడన పడుకుని ఉన్నాడు. అన్నను చూసి లేచి కూర్చున్నాడు.

"బుద్ధి సెప్పడానికొచ్చినావా? నువ్వు తాగితే పున్నెం, నాను తాగితే పాపమా?"

"నాను తాగనేదురా. తాగినట్టు సేసినాను."

లక్ష్ముడు పక్కనున్న ఇసకను చేత్తో తోసేశాడు.

"యేసుని నాను సూసినానా అన్నా? నిన్ను సూసినాను. నువ్వు మానీసినావని మానీసినాను. నీ మూతికాడ గిన్నె సూసి సెయ్యి సాపినాను."

నరసన్న వలల దగ్గరున్నవాళ్ల వైపు తిరిగాడు. అందరికీ వినబడేలా అన్నాడు.

"కాశయ్య మావా, నిన్న నాను కల్లు తాగనేదు. ఇసకలో పోసినాను."

కాశయ్య చేతిలో వల వదిలేసి దగ్గరికొచ్చాడు.

"గంగమ్మ కల్లు ఇసకపాలు సేసినావా? వద్దని ఒక్క ముక్క సెప్తే పోయేది గదరా! కిరస్తానం పుచ్చుకున్నావని పల్లెంతా ఎరుగుదుం."

"బయ్యపడినాను."

"తాగనోడితో నడిసంద్రానికి ఎల్తాను. నటించేవోడితో ఎల్లలేను. వేరే పడవ సూసుకో."

నరసన్న తన తెడ్డు తీసుకున్నాడు. లక్ష్ముడు కూడా తెడ్డు కోసం వంగితే వారించాడు.

"నువ్వుండు. పిల్లలున్నోడివి. జగ్గమ్మ కాడికెల్లు. ఎల్లేముందు ఇక్కడ నువ్వు సెప్పాల్సింది నువ్వే సెప్పు."

లక్ష్ముడు తూలుతూ కాశయ్య ముందుకు వెళ్లాడు. "మావా, ఇక మీద నాకు పొయ్యకండి."

"పొయ్యం లేరా. నీ వాటా మా అందరికీ మిగుల్తాది," అన్నాడు కాశయ్య. ఎవరో నవ్వారు. లక్ష్ముడు నవ్వలేదు. ఇంటి వైపు నడిచాడు.

నరసన్న గుమ్మంలోకి వచ్చేసరికి కాసమ్మ ఒక్కతే ఉంది.

"పడవ పోయింది," అన్నాడు.

"తమ్ముడో?"

"మిగిలినాడు."

కాసమ్మ ఉప్పు చేతులు కడుక్కుంది. చద్దన్నం పెట్టింది. నరసన్న ప్రార్థనకు తల వంచాడు. మాటలు రాలేదు. కన్నీళ్లు అన్నంలో పడుతుంటే కాసమ్మ పక్కన కూర్చుని, ఆ ప్రార్థన తనే చెప్పింది.