కారణం గడి

“ఎందుకు?” అని అడిగింది వివరణి.

సుభానీకి ఒళ్ళు మండిపోయింది. పొద్దుట్నుంచి అది ఆ మాట అడగడం ఎన్నోసారో లెక్కే లేదు. తెర మీద ఇరవై ఆరు మెట్లు పచ్చగా ఉన్నాయి. ఇరవై ఏడో మెట్టు పక్కన మాత్రం ‘కారణం’ అనే గడి ఎర్రగా, ఖాళీగా ఉంది.

“వేడి గ్యాస్ వాల్వు పావు వంతు తిప్పి, ఇరవై నిమిషాలు ఆగి, అప్పుడు పూర్తిగా తెరవాలి అన్నారు. ఎందుకు?” అని మళ్ళీ అడిగింది, అంతే మర్యాదగా.

“ఎందుకేంటమ్మా! మా పాపయ్య మేస్త్రి అలా నేర్పాడు కాబట్టి.”

“అది నేర్పిన మనిషి పేరు. కారణం కాదు.”

ఈ గొడవ జరుగుతున్నది గుంటూరు పొలిమేరలో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. అప్పటికి వాల్వులు తిప్పేది మెషీన్ చేతులు, టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసేది మెషీన్ బండ్లు. ఏ టిక్కీకి తడి తగిలిందో, ఏది బూజు పట్టబోతోందో ఛాంబర్‌లోకి వెళ్ళి వాసన చూసి చెప్పడం మాత్రం ఏ మెషీనుకూ చేతకాలేదు. ఆ పనికి నలభై ముగ్గురు ఆడవాళ్ళు ఉండేవారు. ఇక ఛాంబర్లను చల్లబరిచే అమ్మోనియా ప్లాంటు గుట్టుమట్లన్నీ తెలిసిన మనిషి ఒక్కడే, షేక్ సుభానీ. ఇరవయ్యారేళ్ళ సర్వీసు.

వివరణి అనేది హిమబిందు అనే సైంటిస్టు తయారుచేసిన డాక్యుమెంటేషన్ సిస్టమ్. మనం నోటితో చెప్పుకుపోతుంటే అది విని, ఏది మెట్టు, ఏది హెచ్చరిక, ఏది కారణం అని విడదీసి ఒక ఫార్మాట్‌లో పెడుతుంది. పూర్వం మాన్యువల్స్ మనుషులు చదవడానికి రాసేవారు. మనుషులు చదివేవారు కాదు, అది వేరే సంగతి. వివరణి రాసినవి మాత్రం మెషీన్లే చదువుతాయి, చదివి పొల్లుపోకుండా చేస్తాయి.

డెమో రోజున హిమబిందు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. “ఫ్యాక్టరీల్లో సగం పనులు ఎందుకు చేస్తున్నారో చేసేవాళ్ళకే తెలీదండీ. ఎప్పుడో తీసేసిన మోటారు కోసం ఇంకా రోజూ బకెట్ నీళ్ళు పెడుతుంటారు. అందుకే నేను ప్రతి మెట్టునీ దాని కారణంతో ముడేశాను. కారణం పోయిన రోజున ఆ మెట్టునీ వివరణియే తీసేస్తుంది.” ఆవిడ ముఖం వెలిగిపోయింది. నిజంగా గొప్ప ఆలోచనే మరి, కాదనడానికి ఏముంది!

మేనేజర్ యలమందరావు మాత్రం సుభానీని పక్కకు పిలిచి క్లుప్తంగా తేల్చేశాడు. “శుక్రవారం సాయంత్రానికి డాక్యుమెంట్‌కి పచ్చ టిక్కు పడాలయ్యా. పడితే నువ్వు సూపర్‌వైజరువి. పడకపోతే నేనేం చెయ్యలేను. తిప్పడానికి మెషీన్ చేతులున్నాయి, నీకు ఇక్కడ పనేముంది చెప్పు?”

ఇది ఆ శుక్రవారమే. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

సుభానీ తల గోక్కున్నాడు. ఇరవై నిమిషాలు ఎందుకు ఆగాలో అతనికి నిజంగానే తెలీదు. మేస్త్రిని అడిగితే “ఆగమంటే ఆగరా” అని కసిరేవాడు. ఆగాడు, అంతే. మేస్త్రి పోయి పన్నెండేళ్ళయింది.

మన దేశంలో పెరిగిన వాడికి ఒక విద్య ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఖాళీ గడితో వెళ్ళిన కాగితం తిరిగొస్తుంది, ఏదో ఒకటి రాసిన కాగితం ముందుకెళ్తుంది. సుభానీ జీవితమంతా అలాగే నింపుకుంటూ వచ్చాడు. కూతురు పుట్టిన తేదీ గుర్తు లేకపోతే బళ్ళో జూన్ ఒకటి అని రాయించాడు. ఏమైంది? ఆ పిల్ల డిగ్రీ కూడా పాసైంది.

“ఆ వాల్వు పాతదమ్మా, తుప్పు పట్టింది. ఒక్కసారిగా తిప్పితే విరుగుద్ది. అందుకని ఆగాలి,” అన్నాడు.

గడి పచ్చగా మారింది. డాక్యుమెంట్ మీద టిక్కు పడింది. సుభానీ బయటికొచ్చి టీ తాగుతుంటే అంకమ్మ ఎదురైంది. వాసన చూసే ఆడవాళ్ళకు పెద్ద ఆవిడే. ఆవిడ తల ఊపితే చాలు, ఏ టిక్కీ పైకి పోవాలో ఏది బయటికి పోవాలో తేలిపోయేది.

“ఏం అన్నా, సూపర్‌వైజర్ అయ్యావంటగా! ఇక మమ్మల్ని పలకరిస్తావా, లేదా?” అని ఆట పట్టించింది.

“నువ్వుండగా నాకంత ధైర్యమెక్కడిదమ్మా,” అని నవ్వాడు సుభానీ. మనసు తేలిగ్గా ఉంది.

అయిదు నెలలు గడిచాయి. నిల్వలో కాయ తగ్గిన రోజులు చూసి యాజమాన్యం పాత వాల్వులన్నీ తీసేసి కొత్త స్టీలు వాల్వులు వేయించింది. ఆ మర్నాడు సుభానీ తెర మీద ఒక నోటీసు వచ్చింది. “ఇరవై ఏడో మెట్టుకు కారణం తొలగిపోయింది. మెట్టు తీసేస్తున్నాను. అభ్యంతరం ఉంటే మూడు రోజుల్లో చెప్పండి.”

సుభానీకి అభ్యంతరం ఉంది, ఎందుకుండదు! కానీ ఏమని చెప్పాలి? అప్పుడు చెప్పింది అబద్ధం అనాలి. అంటే టిక్కు పోతుంది, టిక్కుతో పాటు కుర్చీ పోతుంది. మొదటి రోజు నోటీసు తెరిచి మూశాడు. రెండో రోజు యలమందరావు గది దాకా వెళ్ళి, ఏదో పని ఉన్నట్టు వెనక్కొచ్చాడు. మూడో రోజుకి తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇంత తెలివైన మెషీను, దానికి తెలీదా? మేస్త్రిది చాదస్తమేమో. ఇరవై నిమిషాలు బీడీ కాల్చుకోవడానికేనేమో, ఎవరు చూడొచ్చారు!

నాలుగో రోజు పదకొండింటికి, మూడో ఛాంబర్ కాయిల్స్ మీద మంచు కరిగించడానికి మెషీన్ చెయ్యి వేడి గ్యాస్ వాల్వును ఒక్క విసురున తెరిచింది. లోపల అంకమ్మ తడి టిక్కీల కోసం చూస్తోంది. ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. పైపు చీలిపోయి అమ్మోనియా ఛాంబర్ అంతా కమ్మేసింది. ముసుగు తగిలించుకుని ముందు పరిగెత్తింది సుభానీయే. అంకమ్మను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ప్రాణం దక్కింది. రెండు కళ్ళూ పోయాయి.

ఆ రాత్రికి రాత్రే బయల్దేరిన హిమబిందు తెల్లారేసరికి ప్లాంటులో ఉంది. పైపు ముక్క చూడగానే విషయం అర్థమైంది ఆవిడకి.

“కాయిల్స్‌లో చల్లటి అమ్మోనియా నీళ్ళలా నిలిచి ఉంటుంది. దాని మీదికి వేడి గ్యాస్ ఒక్కసారిగా వదిలితే, ఆ ద్రవాన్ని గుండులా తోసుకెళ్ళి పైపుకి గుద్దుతుంది. మెల్లగా వదిలితే ఆ ఇరవై నిమిషాల్లో అదంతా ఖాళీ అయిపోతుంది. మీ మేస్త్రికి ఫిజిక్స్ వచ్చో రాకో, చేసింది మాత్రం పక్కా పనే,” అంది. తనే కూర్చుని ఇరవై ఏడో మెట్టును అసలు కారణంతో తిరిగి పెట్టింది. పెట్టి, సుభానీ వైపు తిరిగింది. “తుప్పు అని ఎందుకు చెప్పారండీ?”

“గడి ఖాళీగా ఉంటే టిక్కు పడదు కదమ్మా.”

“ఖాళీగా ఎందుకుంచడం? గైడ్‌లో మొదటి పేజీ మొదటి లైనే అది!” ఆవిడ తెర మీద తెరిచి చూపించింది. ‘కారణం తెలియకపోతే తెలియదు అని చెప్పండి. కారణం తెలియని మెట్టును నేను ఎప్పటికీ తీసేయను.’

సుభానీ ఆ లైను రెండుసార్లు చదివాడు. తెలీదు. ఒక్క మాట. ఆ మాట అంటే ఉద్యోగం పోతుందని భయపడ్డాడే గానీ, అది కూడా ఒక జవాబేనని అతనికి బతుకులో ఎవరూ చెప్పలేదు. గోడకి చేరబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యలమందరావు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. గైడ్ ఎవరికీ పంచకుండా గడుల పేజీ ఒక్కటే ప్రింటు తీయించింది ఆయనే.

“ప్రమాదం డాక్యుమెంట్ ప్లాంటు వాళ్ళే నింపాలి, నాకు హక్కు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి సుభానీ గారూ, చాలు,” అని చెప్పి హిమబిందు మధ్యాహ్నం వెళ్ళిపోయింది.

ఆవిడ కారు గేటు దాటిందో లేదో, యలమందరావు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. “ఉన్నది ఉన్నట్టు చెప్తే నువ్వు జైలుకెళ్తావు, మనకి లైసెన్సు పోద్ది. బాగా ఆలోచించుకో. మంచు కరిగించే వేళ ఆడమనిషి ఛాంబర్‌లోకి వెళ్ళింది. వెళ్ళిందా లేదా?”

“రోజూ వెళ్తారు కదండీ. మనమే పంపిస్తాం.”

“వెళ్ళిందా, లేదా?”

“వెళ్ళింది.”

“మరి అదే రాయి. అబద్ధం రాయమన్నానా నేను?”

తెర మీద ఎర్రటి గడి. ప్రమాదానికి కారణం. వివరణి అడగనే అడిగింది, అదే మర్యాదతో. తెలియదు అనడానికి కూడా ఇప్పుడు వీల్లేదు, తెలుసు కదా. ఆసుపత్రి మంచం మీద కళ్ళకు కట్లతో అంకమ్మ “అన్నా, పొద్దెక్కిందా?” అని అడిగిన గొంతు సుభానీ చెవిలో ఉంది. ఇంటి దగ్గర కూతురి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి.

“ఛాంబర్‌లో ఆడమనిషి ఉండటం వల్ల,” అన్నాడు.

గడి పచ్చగా మారింది.

మర్నాడు ఎనిమిది గంటలకు గేటు దగ్గర గోల వినిపిస్తే సుభానీ బయటికొచ్చాడు. మగవాళ్ళు ఒక్కొక్కరే కార్డు చూపించి లోపలికి వస్తున్నారు. నలభై రెండు మంది ఆడవాళ్ళు మాత్రం ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఎవరు కార్డు పెట్టినా గేటు కదలడం లేదు. వివరణి రాత్రి కొత్త మెట్టు ఒకటి చేర్చుకుంది. ప్రమాదం మళ్ళీ జరగకుండా ఉండాలంటే కారణాన్ని లోపలికి రానివ్వకూడదు.

గుంపులో ముందున్న దీనమ్మ కమ్మీలు పట్టుకుని పిలిచింది. “సుభానన్నా! ఆ మెషీనుతో మాట్లాడేది నువ్వేగా. మేమేం చేశామని రానివ్వట్లేదు? కనుక్కుని చెప్పన్నా. ఎందుకంట?”

ఇరవయ్యారేళ్ళలో ఆ ప్లాంటులో ఒక పని ఎందుకు జరుగుతోందో సుభానీకి ఇంత కచ్చితంగా ఎప్పుడూ తెలీదు.

“తెలీదమ్మా,” అన్నాడు.