శిరివెళ్ల దాటి ఆగిన కారు

సొంతానికి విదేశీ కారు ఉండీ విజయమ్మ నంద్యాలకు బస్సులో వచ్చింది. ఆళ్లగడ్డలో ఆమెది పెద్ద సేద్యం. భర్త పోయాక అంతా తానే నడుపుతోంది. ప్రైవేటు డిటెక్టివ్ సంజీవయ్య చూపించిన కుర్చీలో కూర్చుని, మొహాన చెమటైనా తుడుచుకోకుండా మొదలుపెట్టింది.

"మా డ్రైవరు అంకన్న నా మనవణ్ణి పొట్టన పెట్టుకున్యాడప్పా. పోలీసోల్లు స్టేషన్లో కూకోబెట్టినారు. రుజువు ల్యాకపోతే ఇడిచిపెడ్తారంట. ఆ రుజువు నువ్వు చూపియ్యల్ల."

సంజీవయ్య డిటెక్టివ్ కాకముందు ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలను పరీక్షించే సర్వేయరు. ఇంజన్ల గుట్టు ఆయనకు కొత్తకాదు. పక్కనే ఉన్న సహాయకురాలు దెబోరాకు ఆయన కనిపెట్టలేనిది ఏదీ లేదని గట్టి నమ్మకం.

విజయమ్మ చెప్పింది ఇది. పోయిన ఏడు, అంటే ఎనభై అయిదులో, ఆమె కొడుకు ఓబులేసు మద్రాసు వేలంలో టర్బో కారు కొన్నాడు. ఈ వేసవిలో దాని హెడ్ గాస్కెట్, ఇంజను పైమూత అయిన హెడ్డు కింద పరిచే పల్చటి పలక, మూడుసార్లు కాలిపోయింది. మూడోసారి కారులో ఉన్నది నొప్పులు పడుతున్న కోడలు సుబ్బలక్ష్మి. ఓబులేసు పక్కనుండి నంద్యాల ఆసుపత్రికి తీసుకొస్తుంటే శిరివెళ్ల దాటాక కారు ఆగిపోయింది. ఎవరిదో ట్రాక్టరు దొరికి ఆసుపత్రి చేరేసరికి కడుపులో బిడ్డ దక్కలేదు.

"అంకన్నే చేసినాడని ఎట్లా అంటాండావమ్మా?"

"నీళ్లు పొయ్యకుండా ఇంజను కాల్చినాడని మా ఓబులేసే చెప్పినాడు. అంకన్న పిల్లోని పుట్టెంటికలకు మహానందికి పోయినప్పుడు మావోడు ఒక్కడే బెంగుళూరు పోయొచ్చినాడు. కారుకు ఏమీ కాలే. అంకన్న మళ్లా చెయ్యి పెట్టినాకనే ఈ పీడ మొదలాయె."

మర్నాడు ఆళ్లగడ్డలో మెకానిక్ మద్దిలేటి షెడ్డులో కారు హెడ్డు విప్పి ఉంది. అతను మూడు గాస్కెట్లూ తెచ్చి బల్లమీద పడేశాడు. మూడూ ఒకేచోట, రెండో సిలిండరుకూ మూడోదానికీ నడుమ కాలిపోయాయి.

"ఏసిన ప్రతిసారీ కొత్తదే సార్. బోల్టులు వరసగానే బిగించినా. ఇంగ నేనేం జెయ్యల్ల? ఈ బండిని కుందూ ఏట్లో తోసేద్దామనిపిస్తాంది!"

హెడ్డు వంగిందేమోనని సంజీవయ్య ఉక్కుపట్టీ ఆనించి చూశాడు. వంగలేదు. రేడియేటరు పూడుకుపోలేదు. నీటి పంపు బాగానే తిరుగుతోంది. రేకుల కప్పు కింద మధ్యాహ్నమంతా ఉడికిపోతూ నీళ్లు ప్రయాణించే ప్రతి దారినీ వెతికాడు. ఎక్కడా తప్పు లేదు.

"సార్, కొంచెం సోడా..." అంది దెబోరా.

"సోడా తాగితే ఇంజను మాట్లాడుతుందా?" అని కసిరాడు. ఆమె సీసా పక్కన పెట్టింది. సంజీవయ్య చేతికంటిన గ్రీజు ఎంత తుడిచినా పోలేదు. ఒక రోజు వృథా అయింది.

ఆ మర్నాడు పొద్దున్నే స్టేషనుకు వెళ్లారు. అంకన్న నల్లమల గూడెం మనిషి. మోకాళ్లు ముడుచుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నీళ్లు పోసినావా?"

"నిండా పోసినా సార్. నా బిడ్డ మీద ఆన."

"మరి ఇంజను యాడ కాగింది?"

"కాగలే సార్. వేడి చూపే ముల్లు నడిమద్దెలోనే ఉండె. టప్పుమని సద్దాయె, బండి నీరసపడె. ఆ తర్వాతనే నీళ్లు ఎగదన్నె, ముల్లు పైకి పొయ్యె."

సంజీవయ్య వంగి కూర్చున్నవాడు నిటారుగా అయ్యాడు. "దానికి ముందు బండిలో తేడా ఏమన్నా?"

"మహానంది నుంచి వచ్చినప్పటి సంది దుముకుతాండె సార్. రోంత తొక్కితే చాలు, ఎవరో ఎనక నుంచి తోసినట్ల. ఓబులేసు చిన్నాయనకు చెప్పినా. గమ్మునుండి నడుపు అన్యాడు."

సంజీవయ్య మళ్లీ షెడ్డుకు పరుగుతీశాడు. ఈసారి నీటి దారి వదిలేసి గాలి దారి వెంట వెళ్లాడు. టర్బో నుంచి బయల్దేరిన ఒక సన్నటి రబ్బరు గొట్టం దగ్గర ఆయన వేళ్లు ఆగాయి. తక్కిన గొట్టాలన్నిటికీ మసిపట్టిన పాత క్లిప్పులున్నాయి. దీనికి మాత్రం మెరుస్తున్న రాగి తీగ చుట్టి ఉంది. తీగ విప్పి గొట్టాన్ని దులిపితే సైకిలు బేరింగులో వాడే ఉక్కు గుండు జారి అరచేతిలో పడింది.

"అందర్నీ పిలిపించు" అన్నాడు దెబోరాతో. సాయంత్రానికి షెడ్డులో విజయమ్మ, ఓబులేసు, ఆసుపత్రి నుంచి సంచీతో సహా వచ్చి బెంచీమీద గోడకు ఆనుకున్న సుబ్బలక్ష్మి, హెడ్ కానిస్టేబులు వెంట అంకన్న చేరారు.

"అందరం వేడి వల్ల గాస్కెట్ కాలిందనుకున్నాం, నాతో సహా" అన్నాడు సంజీవయ్య. "నిజానికి గాస్కెట్ పోయినాకనే వేడి పుట్టింది. దాన్ని చించింది గాలి ఒత్తిడి. టర్బో ఇంజన్లోకి గాలిని దట్టిస్తుంది. గాలి హద్దు దాటితే ఒక చిన్న తలుపు తెరుచుకోవాల. ఆ తలుపును తెరిచే గాలి ఈ సన్న గొట్టంలోనే పోవాల. దీంట్లో ఎవరో గుండు దూర్చినారు. తలుపు తెరుచుకోదు. బండి దుముకుతుంది. దుమికినన్నాళ్లు దుమికి గాస్కెట్ చిరుగుతుంది. మద్దిలేటి హెడ్డు విప్పినప్పుడల్లా ఈ గొట్టాన్ని ఊడదీయకుండా టర్బోతో పాటే పక్కకు జరిపినాడు. అందుకే గుండు లోపలే ఉండిపోయింది."

"అయితే అంకన్నే పెట్టింటాడు!" అంది విజయమ్మ.

"అంకన్న మహానందిలో ఉన్నప్పుడే బండికి దుముకు వచ్చిందమ్మా. మద్దిలేటి చేతికి అప్పటికింకా బండి రానేలేదు. ఆ నడుమ దాన్ని బెంగుళూరు తీసుకపోయింది ఒక్కరే. నువ్వే చెప్పినావు."

విజయమ్మ కొడుకువైపు తిరిగింది. ఓబులేసు పెదవులు తడుపుకున్నాడు.

"ఆడ ఒక స్నేహితుడు చెప్పినాడు... గుండు పెడ్తే బస్సులన్నీ ఎనకబడ్తాయని. ఇట్లయితాదని నాకేం తెల్సుమ్మా?"

"మొదటి తూరి తెలీలే. మూడో తూరికన్నా అనుమానం రాలేదా?" అన్నాడు సంజీవయ్య.

ఓబులేసు తల దించుకున్నాడు. "వచ్చింది. అప్పటికే బిడ్డ పోయింది. ఇంగ ఏం చెప్పేది?"

సుబ్బలక్ష్మి గొంతు సన్నగా వినిపించింది. "దావంతా బేగా తొక్కు, బేగా తొక్కు అని అంకన్నన్నను తరిమింది నువ్వే. బండి ఆగినాక ట్రాక్టరు దాంక నన్ను చేతుల మింద మోసింది ఆయన. అట్లాంటాయన్ని స్టేషన్లో ఏస్తాంటే చూస్తా నిలబడినావు." ఆమె అత్తవైపు తిరిగింది. "అత్తా, నేను మిడుతూరికి, మా నాయన కాడికి పోతా."

ఓబులేసు ఒక అడుగు ముందుకు వేశాడు. విజయమ్మ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. కేసు వెనక్కి తీసుకుంటానని హెడ్ కానిస్టేబులుతో చెప్పింది.

"ఎంత బాగా పట్టుకున్నారు సార్!" అంది దెబోరా.

"ఏం బాగు? నిన్న ఇంజన్ను కాకుండా ముందు అంకన్నను అడిగుంటే, ఆయప్ప ఇంకో రాత్రి ఆ గోడకు ఆనుకుని ఉండేవాడు కాదు" అని సంజీవయ్య విసుగ్గా చేతిగుడ్డ జేబులో కుక్కుకున్నాడు.

విజయమ్మ అంకన్న దగ్గరికి వెళ్లి నిలబడింది. "తప్పు నాదే అంకన్నా. బండి బాగైతే మళ్లా నువ్వే నడపల్ల."

"ఒద్దులేమ్మా" అన్నాడు అతను. బెంచీ పక్కనున్న సుబ్బలక్ష్మి సంచీ అందుకున్నాడు. "చిన్నమ్మ ఒక్కతే ఎట్ల పోతాది? నేను పోయి దింపొస్తా. బస్సులో."